కంప్యూటర్‌కెక్కని చిట్టా

మండల కేంద్రంలో ఏ ఎరువుల దుకాణానికైనా వెళ్లి చూడండి. గల్లాపెట్టె పక్కన కంప్యూటర్, అందులో ట్యాలీ. ఇవతల సబ్సిడీ ఎరువుల అమ్మకానికి వేలిముద్రలు తీసుకునే ఈ-పాస్ యంత్రం. సొరుగు లాగితే మాత్రం పొడవాటి అట్ట పుస్తకం ఒకటి బయటపడుతుంది. అసలు వ్యాపారమంతా అందులో ఉంటుంది. ఫలానా రైతు నాలుగు బస్తాలు తీసుకెళ్లాడు, పత్తి అమ్మాక ఇస్తానన్నాడు. ఇంకొకాయనకు ఈసారి అప్పు వద్దు, బావమరిది పూచీ ఉంటే సరే. మరొకరి వేళ్లు అరిగిపోయి ముద్ర పడలేదు, సాయంత్రం కొడుకొచ్చి వేస్తాడు. ఇవన్నీ ఎక్కించడానికి కంప్యూటర్‌లో గడి లేదు.

ఆ పుస్తకం కంటపడితే సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు నొసలు చిట్లిస్తారు. 'మనవాళ్లు మారరండీ' అంటారు. యజమాని నామోషీ పడి గుమస్తాను కసురుకుంటాడు. నిజానికి యంత్రం ఎక్కడెక్కడ చాలడం లేదో ఆ చిట్టా పేజీ పేజీనా చెబుతోంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎంత డబ్బు పోసి సర్వే చేయించినా అంతకంటే నికరమైన సమాచారం దొరకదు. దాన్ని కూర్చుని చదివిన వ్యాపారాలు సాంకేతికతతో బాగుపడ్డాయి. చదవకుండా చించి పారేసినవి కోట్లు పోగొట్టుకున్నాయి. ఒకచోటనైతే మనుషులను జైళ్లకు కూడా పంపాయి. ఈ మాటకు సాక్ష్యాలు డెబ్బై ఏళ్లుగా పోగుపడి ఉన్నాయి.

అమెరికాలో చాక్లెట్లకు పేరుపడ్డ హెర్షీ సంస్థ 11 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి శాప్, మరో రెండు సాఫ్ట్‌వేర్లను తెచ్చుకుంది. 1999 జులైలో వాటిని అమల్లోకి దించింది. మిఠాయిలకు ఏడాది మొత్తంలో బాగా గిరాకీ ఉండే హాలోవీన్ అప్పుడే దగ్గరపడుతోంది. గోదాముల నిండా సరుకుంది, కొట్ల నుంచి ఆర్డర్లున్నాయి. అయినా దాదాపు 10 కోట్ల డాలర్ల సరుకు వేళకు కదల్లేదు. ఆ త్రైమాసికంలో లాభం 19 శాతం పడిపోయింది. తొందరపాటు దగ్గర్నుంచి ఇందుకు చాలా కారణాలు చెబుతారు కానీ, మన చర్చకు పనికొచ్చేది ఒకటుంది. రద్దీ రోజుల్లో సరుకు పొంగిపొర్లితే గోదాము సిబ్బంది ఖాళీ కనిపించిన చోటల్లా పెట్టెలు పేర్చేవారు. ఏది ఎక్కడుందో వాళ్లకు కంఠతా వచ్చు. ఆ తాత్కాలికపు చోట్లను నిల్వ స్థలాలుగా కొత్త వ్యవస్థలో ఎవరూ నమోదు చేయలేదు. కాబట్టి కంప్యూటర్ లెక్క ప్రకారం అక్కడున్న చాక్లెట్లు లేనట్టే. అక్కడి చిట్టా పుస్తకంలో కూడా లేదు, కూలీల తలల్లో ఉంది. వాళ్లను అడిగిన నాథుడు లేడు.

ఇక్కడో మాట. ఇలాంటి సాఫ్ట్‌వేర్లను దేశదేశాల కంపెనీల్లో అమర్చిపెట్టే పనిలో మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా శాప్ మాడ్యూళ్లు నేర్పే గది ఒకటి తగులుతుంది. సరుకు నిర్వహణ మాడ్యూల్ ఆసాంతం నేర్చిన కుర్రాడు ఒక్క రోజైనా గోదాములో హమాలీల పక్కన నిలబడ్డాడా అని ఏ ఇంటర్వ్యూలోనూ అడగరు. నన్నడిగితే మొదటి ప్రశ్న అదే కావాలి.

మన దేశంలోనే జరిగిన అంతకంటే పాత కథ ఒకటుంది. అహ్మదాబాద్‌లో సారాభాయ్ కుటుంబానికి చెందిన కాలికో మిల్లులో 1952లో ఆటోమేటిక్ మగ్గాలు దిగాయి. నెలలు గడిచినా ఉత్పత్తి పెరగలేదు, నాణ్యతా మెరుగుపడలేదు. పాత మగ్గాలే నయమనిపించాయి. కార్మికులకు నైపుణ్యం చాలదనో, మనసు పెట్టడం లేదనో తేల్చేయడం ఏ యాజమాన్యానికైనా తేలిక. ఈ యాజమాన్యం మరుసటి ఏడాది లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ అనే పరిశోధకుణ్ని పిలిపించింది. ఆయన మగ్గాల జోలికి పోలేదు. వాటి మధ్య తిరిగే మనుషులను గమనించాడు.

ఆ షెడ్డులో 224 మగ్గాలకు 29 మంది పనివాళ్లు. వాళ్ల మధ్య పన్నెండు రకాల పనులు. నేసేవాడు ఒకడు, కండెలు నింపేవాడు ఒకడు, తెగిన పోగులు అతికేవాడు ఇంకొకడు, నూనె వేసేవాడు, ఊడ్చేవాడు, బట్ట మోసేవాడు, ఇలా. గడియారం పట్టుకుని ఎవరి పని వాళ్లకు విడివిడిగా లెక్కగట్టి మగ్గాలు కేటాయించారు. దాంతో నేతగాడి మగ్గాల గుంపు వేరు, కండెలవాడి గుంపు వేరు, అతికేవాడి గుంపు వేరు అయ్యాయి. ఒక మగ్గం మీద పోగు తెగితే దాన్ని సరిచేయాల్సిన మనిషి మరెవరి మగ్గం దగ్గరో ఉంటాడు. ఎవరికి ఎవరూ జవాబుదారీ కాదు, ఎవరూ ఎవరి జట్టూ కాదు. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. షెడ్డులో గందరగోళంగా ఉంది.

కొన్ని మగ్గాలకు కొందరు మనుషుల జట్టును కలిపి బాధ్యులను చేస్తే ఎలా ఉంటుందని రైస్ ఒక ఆలోచన చెప్పాడు. ఇది నమ్మశక్యం కాదు కానీ, ఆ మాట సూపర్‌వైజర్ల ద్వారా చెవిన పడగానే కార్మికులే దాన్ని అందిపుచ్చుకున్నారు. ఎవరెవరు ఏ జట్టో వాళ్లే తేల్చుకున్నారు. 64 మగ్గాలకు ఏడుగురు చొప్పున జట్లు కుదిరాయి. మొదట్లో తడబడ్డా, నిలదొక్కుకున్నాక మగ్గాల సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95 శాతానికి చేరింది. పాడైన బట్ట 32 శాతం నుంచి 20 దరిదాపులకు తగ్గింది. కొత్త యంత్రమేమీ కొనలేదు. ఉన్న మగ్గాల చుట్టూ మనుషుల అమరిక మారింది, అంతే. 1970లో రైస్ సహచరుడు ఎరిక్ మిల్లర్ మళ్లీ వెళ్లి చూస్తే ఒకచోట ఆ జట్ల పద్ధతి దాదాపు చెక్కుచెదరలేదు. మిగతా చోట్ల ఒత్తిళ్లకు లొంగి పాత దారి పట్టింది. అంటే ఇలాంటి ఏర్పాటు ఒకసారి చేసి వదిలేస్తే నిలిచేది కాదు.

మగ్గాల మాట వచ్చింది కాబట్టి జపాన్ సంగతీ చెప్పుకోవాలి. సకిచి టయోడా 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం గొప్పదనం వేగంలోనే లేదు. పోగు తెగితే అది తనంతట తాను ఆగిపోతుంది, పాడు బట్ట నేసుకుంటూ పోదు. 1929లో బ్రిటన్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ ఆ పేటెంట్ హక్కులను లక్ష పౌండ్లకు కొనుక్కుంది. తర్వాత అదే కుటుంబం కార్ల తయారీకి దిగినప్పుడు ఆ సూత్రాన్ని మనుషులకు అప్పగించింది. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తల మీది తాడు లాగి సాయం పిలవచ్చు, అవసరమైతే మొత్తం వరసనే ఆపేయవచ్చు.

ఆ తాడు విలువేమిటో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ ఒక్కటే మూడు తరాలుగా చెబుతోంది. గైర్హాజరీలు, గొడవలు భరించలేక జనరల్ మోటార్స్ 1982లో దాన్ని మూసేసింది. రెండేళ్ల తర్వాత టయోటాతో కలిసి నమ్మీ పేరిట మళ్లీ తెరిచింది. పనివాళ్లలో అత్యధికులు పాతవాళ్లే, యూనియన్ కూడా పాతదే. ఈసారి వాళ్ల చేతికి తాడు దొరికింది, జట్టు దొరికింది. చూస్తుండగానే జనరల్ మోటార్స్‌కున్న ఫ్యాక్టరీల్లో మేటిగా తేలింది. అదే దశకంలో ఆ సంస్థ మిగతా చోట్ల వేల కోట్ల డాలర్లు రోబోల మీద కుమ్మరించి, పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం రాక తల పట్టుకుంది. 2010లో ఆ భవనాన్ని టెస్లా కొనుక్కుంది. మోడల్ 3 కార్లు అనుకున్న సంఖ్యలో బయటకు రాక సతమతమవుతున్న 2018 ఏప్రిల్‌లో ఎలాన్ మస్క్ ట్విటర్‌లో ఒక ఒప్పుకోలు పెట్టాడు. ఆటోమేషన్ మితిమీరిందని, తప్పు తనదేనని, మనుషులకు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదని దాని సారాంశం. నమ్మీ నడిచిన కప్పు కిందే కూర్చుని ఆ పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి, సొంత డబ్బుతో నేర్చుకోవాల్సి రావడం విచిత్రం.

ఇవన్నీ డబ్బు నష్టాలు. మనిషి మాటకంటే యంత్రం మాటనే నమ్మితే ఎంతవరకు పోతుందో చూపించింది మాత్రం బ్రిటన్ పోస్టాఫీసు. అక్కడ చాలా ఊళ్లలో తపాలా శాఖను ఒప్పందం మీద నడిపేది సబ్ పోస్ట్‌మాస్టర్. ముందు చిన్న కొట్టు, వెనక తపాలా కౌంటర్. లెక్కలో తరుగు వస్తే తన జేబులోంచి పూడ్చాలి. 1999లో ఫుజిట్సు సంస్థకు చెందిన హొరైజన్ సాఫ్ట్‌వేర్ ఈ శాఖలన్నిటికీ రావడం మొదలైంది. సాయంత్రం లెక్క చూసుకుంటే డబ్బు తక్కువ చూపించడమూ మొదలైంది. వందలు, వేలు, ఒక్కోసారి పదుల వేల పౌండ్లు. సాయం కోసం ఫోన్ చేస్తే 'ఇలా మీ ఒక్కరికే వస్తోంది' అన్న జవాబు విన్నామని చాలామంది తర్వాత సాక్ష్యమిచ్చారు. ఒకాయన 91 సార్లు ఫోన్ చేశాడు. పోస్టాఫీసు ఆయన మీదే దావా వేసి దివాలా తీయించింది.

ఒక్క విషయం గమనించాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటన్ తన సాక్ష్య చట్టాన్ని సడలించింది. అప్పటిదాకా కంప్యూటర్ లెక్కను కోర్టులో పెట్టేవాళ్లు అది సరిగ్గా పనిచేస్తోందని చూపించుకోవాలి. ఆ తర్వాత, తప్పని ఎవరైనా చూపించేదాకా కంప్యూటర్ ఒప్పే. పల్లెటూళ్లో కొట్టు నడుపుకునే మనిషి ఫుజిట్సు సాఫ్ట్‌వేర్‌లో తప్పును ఎలా చూపిస్తాడు? ఏళ్ల తరబడి సాగిన ఈ వ్యవహారంలో 900 మందికి పైగా దోషులుగా తేలారు. భారత సంతతివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. సర్రేలో తపాలా శాఖ నడిపిన ఓ భారతీయ మహిళ 2010లో కడుపుతో ఉండగా జైలుకెళ్లింది. కనీసం 13 మంది ఆత్మహత్యలకు ఈ వ్యవహారంతో సంబంధం ఉండవచ్చని విచారణ సంఘం 2025 జులైలో ఇచ్చిన నివేదిక పేర్కొంది.

వేల్స్‌లో శాఖ నడిపిన అలన్ బేట్స్ తనలాంటి 555 మందిని కూడగట్టి హైకోర్టుకెళ్లాడు. హొరైజన్‌లో లోపాలున్నాయని, శాఖల ఖాతాల్లోకి ఫుజిట్సు సిబ్బంది దూరం నుంచి చొరబడి మార్పులు చేయగలరని 2019 డిసెంబరులో తీర్పు వచ్చింది. లోపాలే లేవన్న పోస్టాఫీసు వాదన, భూమి బల్లపరుపుగా ఉందని ఈ శతాబ్దంలో వాదించడంలాంటిదని న్యాయమూర్తి చురక వేశాడు. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం తేవడానికి 2024 దాకా పట్టింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులుండటం వింత కాదు, అన్నిటిలోనూ ఉంటాయి. ఊరూరా వందల మంది ఒకే మాట చెబుతుంటే దాన్ని ఫిర్యాదుల కింద లెక్కించకుండా నేరాల కింద లెక్కించడం, అసలు నేరం అది.

మనకు ఆ స్థాయి ఉదంతం లేదు కదా అనుకోవచ్చు. నగరంలో సూపర్ మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే దాని బుల్లి రూపం కనిపిస్తుంది. పప్పు ప్యాకెట్ రెండుసార్లు స్కాన్ అయింది. తీసేయడానికి కౌంటర్ అమ్మాయికి అధికారం లేదు. చేయెత్తి సూపర్‌వైజర్‌ను పిలవాలి. ఆయన ఇంకో మూల ఉంటాడు. వరసలో పది మంది విసుక్కుంటారు, ఆ తిట్లన్నీ ఆ అమ్మాయికే. రాత్రి లెక్కలో తేడా వస్తే జీతంలో కోతా ఆమెకే. దొంగతనం అరికట్టాలన్న యజమాని బాధ నాకు అర్థమవుతుంది. బిల్లులు రద్దుచేసి డబ్బు నొక్కేసేవాళ్లు లేకపోలేదు. కానీ కౌంటర్లో కూర్చున్న ప్రతివాళ్లూ దొంగేనన్న అనుమానంతో రాసిన సాఫ్ట్‌వేర్ వంద మంది నిజాయితీపరుల టైమునూ, కొనుగోలుదారుల ఓపికనూ రోజూ కాజేస్తుంటే ఆ నష్టం ఏ నివేదికలోనూ కనపడదు.

అనుమానం ఇటువైపూ ఉంటుంది, అది ఉత్త మూఢత్వం కాదు. కంప్యూటర్లు వద్దని బ్యాంకు యూనియన్లు 1980లలో పట్టుబట్టినప్పుడు చాలామంది నవ్వారు. 2000-01 నాటి స్వచ్ఛంద పదవీ విరమణ పథకంలో ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి సుమారు లక్ష మంది బయటకు నడిచారు. ఖాతాదారుడికి కంప్యూటర్ మేలు చేసిందనడంలో సందేహం లేదు. ఉద్యోగి భయం కూడా నిజమైంది. రెండూ ఒకేసారి నిజం కాగలవని ఒప్పుకోని యాజమాన్యం సిబ్బందికి ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా వినేవాళ్లుండరు. 'మీ ఉద్యోగానికి ఢోకా లేదు' అని చెప్పగలిగితే రాసివ్వాలి, లేకుంటే ఉన్నమాట చెప్పాలి.

మనుషులను చూసి యంత్రాన్ని దిద్దిన మంచి ఉదాహరణలకూ మన వీధుల్లో కొదవ లేదు. యూపీఐ 2016లో వచ్చింది. కిరాణా కొట్టులో డబ్బు పడిందో లేదో తెలియాలంటే ఫోన్ తీసి సందేశం చూసుకోవాలి. చేతులకు నూనె, పిండి. ఎదురుగా గుంపు. ఫోను ఇంట్లో కొడుకు దగ్గర. పాత స్క్రీన్‌షాట్ చూపించి జారుకునే మోసగాళ్లు వేరే. 2019లో పేటీఎం తెచ్చిన సౌండ్‌బాక్స్, ఆ తర్వాత పోటీ కంపెనీలు తెచ్చిన పెట్టెలు ఈ చిక్కు తీర్చాయి. ఫలానా మొత్తం అందిందని తెలుగులో పైకి చెబుతాయి. కొట్టాయన తలెత్తక్కర్లేదు. సాంకేతికంగా అది బ్రహ్మవిద్యేం కాదు, ఒక సిమ్ కార్డు, ఒక స్పీకరు. దాని వెనక ఎవరో ఒకరు కొట్టు గడప దగ్గర నిలబడి చూశారు. ట్యాలీ పుట్టుక కూడా అలాంటిదే. అంకెల కోడ్‌లు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండా, మామూలు వ్యాపారికి అలవాటైన పేర్లతోనే లెక్క రాసుకోవడానికి వీలుండాలని శ్యాంసుందర్ గోయెంకా కోరితే కొడుకు భరత్ గోయెంకా దాన్ని తయారుచేశాడు. అడిగినవాడు వ్యాపారి, రాసినవాడు ఆ వ్యాపారం పక్కనే పెరిగినవాడు.

ఇప్పుడు అందరి నోటా కృత్రిమ మేధ. స్వీడన్‌కు చెందిన క్లార్నా తన ఏఐ సహాయకుడు 700 మంది సిబ్బంది పని చేస్తోందని 2024 ఫిబ్రవరిలో చాటుకుంది. ఏడాది తిరిగేసరికి సేవల నాణ్యత పడిపోయిందని ఒప్పుకుని మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలెట్టింది. అదే 2024 ఫిబ్రవరిలో ఎయిర్ కెనడాకు కెనడాలో ఒక ట్రైబ్యునల్ మొట్టికాయ వేసింది. నాయనమ్మ చనిపోయి ప్రయాణమైన మనిషికి రాయితీ గురించి చాట్‌బాట్ తప్పు చెప్పింది. చాట్‌బాట్ మాటలకు అదే బాధ్యురాలన్న ధోరణిలో సంస్థ వాదించింది. ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు, పరిహారం కట్టించింది. గుమస్తా తప్పు చెబితే యజమాని కాదు పొమ్మనగలడా? యంత్రానికి వేరే ధర్మం ఉండదు.

తెలుగు పట్టణాల్లో ఆస్పత్రులు, చిట్‌ఫండ్‌లు, కార్పొరేట్ కాలేజీలు కూడా చాట్‌బాట్‌లు పెట్టుకుంటున్నాయి. యాప్ చెప్పినట్టు బండి తోలే డెలివరీ కుర్రాళ్లు వీధికి పది మంది ఉన్నారు. రేటింగ్ పడిపోయి ఐడీ ఆగిపోతే ఎందుకాగిందో అడగడానికి వాళ్లకు మనిషి దొరకడు. సాయం కోసం నొక్కితే మళ్లీ యంత్రమే పలుకుతుంది. కర్ణాటక 2025లో తెచ్చిన చట్టం, పని నుంచి తీసేయాలంటే 14 రోజుల ముందు కారణం రాతపూర్వకంగా చెప్పాలంటోంది. తెలుగు రాష్ట్రాల చట్టాల్లో ఈ నిబంధన అంతే స్పష్టంగా ఉండాలి. దాంతోపాటు ఫిర్యాదు వినడానికి పేరూ ఫోన్ నంబరూ ఉన్న మనిషిని పెట్టాలన్న షరతూ ఉండాలి.

యజమానులకు చట్టం అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌కు పెట్టే ఖర్చులో కొంత భాగాన్ని సిబ్బంది టైముకు కేటాయిస్తే చాలు. కొత్త వ్యవస్థ పెట్టిన మొదటి మూడు నెలలు తప్పులకు కోతలుండవని ముందే చెప్పండి. పాత చిట్టాలు దాచుకోనివ్వండి, నెలకోసారి వాటిని ముందు పెట్టుకుని ప్రోగ్రామర్‌తో కూర్చోబెట్టండి. పండగ సీజను నెత్తిన పెట్టుకుని మార్పులు చేయకండి. రేపు ఎవరైనా ల్యాప్‌టాప్ తెరిచి మీకు కొత్త సాఫ్ట్‌వేర్ ప్రదర్శన ఇస్తుంటే రంగురంగుల గ్రాఫులు చూడటం అయ్యాక ఒక్క ప్రశ్న వేయండి. 'మా కౌంటర్లో పనిచేసే అమ్మాయి ఈ లెక్క తప్పని చెబితే, మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?' సూటిగా జవాబు రాకపోతే చెక్కు మీద సంతకం పెట్టకండి.